హార్మోన్ మాత్ర పడలేదనిపిస్తే

మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలైంది. ఒళ్ళంతా సెగలు కమ్మే ఆ వేడి ఆవిర్లు తగ్గుముఖం పట్టాయి. అర్ధరాత్రి చెమటతో జాకెట్టు తడిసి లేచి కూర్చోవడం లేదు. హమ్మయ్య అనుకునేలోపే కొత్త బాధలు మొదలయ్యాయి. రొమ్ములు బరువెక్కాయి, చెయ్యి తగిలితే నొప్పి. పొద్దున లేవగానే వికారం. ఎప్పుడో ఆగిపోయిందనుకున్న ముట్టు మళ్ళీ మరకలుగా కనబడింది. సంగతి విన్న తోటికోడలు "అవి వేడి మందులక్కా, క్యాన్సర్ కూడా వస్తుందంట, ఆపెయ్" అంది.

ఇప్పుడు మీరేం చేస్తారు?

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఆడవాళ్ళు సాధారణంగా రెండిట్లో ఒకటి చేస్తారు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. లేదంటే డబ్బు పెట్టి కొన్నాం కదా అని పళ్ళబిగువున భరిస్తారు. రెండూ వద్దు. ఈ బాధల్లో చాలావరకు మోతాదు మార్చినా, వేసుకునే వేళ మార్చినా, మాత్ర బదులు జెల్ వాడినా, తోడుగా ఇచ్చిన రెండో హార్మోన్ రకం మార్చినా తగ్గిపోతాయి. కొన్ని మాత్రం ఒక్కరోజు కూడా భరించకూడనివి. ఏవి ఆగి చూడదగ్గవో, ఏవి పరుగెత్తాల్సినవో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ముందు తెలుసుకోవలసింది: మీ ఒంట్లో ఏం ఉంది, ఏం తీసేశారు?

ఈ ప్రశ్న మన జిల్లాల్లో చాలా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతానికి దగ్గర. ఇంతకన్నా ఎక్కువున్న రాష్ట్రం దేశంలో లేదు. మన దేశంలో స్త్రీలకు ముట్టు సహజంగా ఆగిపోయే వయసు సగటున 46–47 ఏళ్ళు. మన పల్లెల్లో ఎందరికో ముప్ఫైల్లోనే ఆపరేషన్ అయిపోతోంది.

బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళావిడ ఉందనుకుందాం. నాలుగేళ్ళ కిందట తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళితే గర్భసంచి తీసేశారు. ఇప్పుడు ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ళ నొప్పులు. హార్మోన్ మాత్రలు రాశారు. "అమ్మా, అండాశయాలు ఉన్నాయా, అవి కూడా తీసేశారా?" అని అడిగితే, "ఏమోనండీ, ఆపరేషన్ అయిందంతే" అంటుంది. తప్పు ఆవిడది కాదు, ఎవరూ చెప్పలేదు. కానీ ఆ జవాబు మీదే మొత్తం వైద్యం ఆధారపడి ఉంటుంది.

కాబట్టి మొదట చేయాల్సిన పని, ఇనప్పెట్టెలోనో బీరువాలోనో ఉన్న డిశ్చార్జి కాగితం వెతకడం. అందులో "టి.ఎ.హెచ్." అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని. దాని పక్కన "బి.ఎస్.ఓ." అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని. కాగితం పోయిందా? ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో రికార్డు అడగండి. అక్కడా లేకపోతే స్కానింగ్ చేసే డాక్టరును "అండాశయాలు కనబడుతున్నాయా" అని ప్రత్యేకంగా అడగండి.

గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ రెండూ కావాలి. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ఏళ్ళ తరబడి అలాగే వాడితే అక్కడ క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఆ పొరను అదుపులో ఉంచేది ప్రొజెస్టరాన్. గర్భసంచి లేనివాళ్ళకు మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలు. మీకు గర్భసంచి లేదు, చీటీలో మాత్రం రెండూ ఉన్నాయి, మగత, దిగులు, కడుపుబ్బరం వేధిస్తున్నాయి అనుకోండి. "డాక్టరుగారూ, నాకు గర్భసంచి లేదు కదండీ, ఈ రెండోది ఎందుకండీ?" అని అడగండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటి కారణం ఉండి రాసి ఉండవచ్చు. కారణం లేకపోతే ఆ ఒక్క ప్రశ్నతో సగం బాధలు పోతాయి.

చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేసినవాళ్ళ సంగతి వేరు. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్ళకు హార్మోన్ ఇచ్చేది ఆవిర్ల కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా. ఇవ్వకూడని కారణం లేకపోతే, సహజంగా ముట్టు ఆగే వయసు వచ్చేదాకా వాడమని చెబుతారు. మీరు ఈ కోవలో ఉంటే, కాస్త వికారం ఉందని మాత్రలు మానేస్తే నష్టపోయేది మీ ఎముకలే.

చీటీలో ఏముందో చదవండి

మందు కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూడండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. ఎస్ట్రడయాల్, ఎస్ట్రడయాల్ వాలరేట్, కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్స్ అని ఉంటే అది ఈస్ట్రోజెన్. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్, డైడ్రోజెస్టరాన్, మెడ్రాక్సీ ప్రొజెస్టరాన్, నార్ఎథిస్టరాన్ అని ఉంటే అది రెండో జాతి. టిబోలోన్ అనేది రెండింటి పనీ చేసే ఒకే మందు.

ఎందుకీ చదువు? వికారం, రొమ్ముల నొప్పి, పిక్కలు పట్టేయడం ఎక్కువగా ఈస్ట్రోజెన్ వైపు నుంచి వస్తాయి. మగత, దిగులు, చిరాకు, మొటిమలు ప్రొజెస్టరాన్ వైపు నుంచి. తలనొప్పి, కడుపుబ్బరం రెండిటి వల్లా రావచ్చు. "నాకు ఈ మందులు పడలేదు" అని చెబితే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. "రాత్రి క్యాప్సూల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి దిగులుగా ఉంది" అంటే వెంటనే దారి దొరుకుతుంది.

మూడు నెలల గడువు, ఒక గోడ క్యాలెండర్

మామూలు ఇబ్బందులు చాలావరకు మొదటి మూడు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ప్రమాద సూచనలు లేకపోతే ఆ గడువు ఇచ్చి చూడండి. ఊరికే ఎదురుచూడకండి, రాయండి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరే చాలు. ఆ తేదీ గడిలో ఒక్క అక్షరం: వికారానికి "వి", రొమ్ముల నొప్పికి "రొ", మరకకు "మ", తలనొప్పికి "త", దిగులుకు "ది". మాత్ర మరిచిపోయిన రోజు సున్నా చుట్టండి. ఆవిర్లు వచ్చిన రోజు "ఆ" అని రాయడం మరవకండి. మందు వల్ల ఏం బాధ వచ్చిందో రాసి, ఏం మేలు జరిగిందో రాయకపోతే లెక్క ఒకవైపే ఒరుగుతుంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కాగితాలు చించి పట్టుకెళ్ళండి. రేపల్లె నుంచి తెనాలికి బండెక్కి, వేమూరు, భట్టిప్రోలు నుంచి గుంటూరు దాకా వెళ్ళి, ఆరోజు కూలి పోగొట్టుకుని వరసలో కూర్చుంటే చివరికి మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త సమయంలో నోటిమాటకన్నా కాగితం బాగా పనిచేస్తుంది.

ఏ బాధకు ఏం చేయాలి?

1. వికారం, కడుపుబ్బరం. పరగడుపున ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకుంటున్నారా? అన్నం తిన్నాక వేసుకోండి. పొద్దున వేసుకునేది రాత్రి భోజనం తర్వాతకు మార్చండి. ఇలా మార్చడానికి ముందు డాక్టరును ఫోన్లో అడిగినా చాలు. తగ్గకపోతే మోతాదు తగ్గించమనో, చర్మం మీద రాసుకునే జెల్‌కు మార్చమనో అడగండి. జెల్ కడుపులోకి వెళ్ళదు, కాలేయం మీదుగా పోదు. పచ్చళ్ళు, కారాలు తిని, ఖాళీ కడుపున కాఫీ తాగి, వచ్చిన మంటను హార్మోన్ మీదకు నెట్టకండి. ఆ రెండూ వారం ఆపి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

2. రొమ్ముల నొప్పి. రెండువైపులా సమానంగా ఉండి, మొదటి నెలల్లో వచ్చేది సాధారణంగా భయపడాల్సింది కాదు. ఒంటికి సరిగ్గా సరిపోయే లోదుస్తులు వాడండి, రాత్రిపూట కూడా మెత్తటి బాడీ వేసుకుంటే హాయిగా ఉంటుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే ఈస్ట్రోజెన్ మోతాదు మీకు ఎక్కువైందేమో అడగండి. ఒకవైపే గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్లున్నా ఆ వారంలోనే చూపించుకోండి.

3. మరకలు, రక్తస్రావం. మన ఆడవాళ్ళు ఎక్కువగా బెదిరేది, ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చదవండి.

ప్రొజెస్టరాన్ నెలకు పన్నెండు, పద్నాలుగు రోజులే వేసుకోమన్నారా? అయితే ఆ రోజులు అయిపోగానే ముట్టులాగా రక్తం రావడం ఆ పద్ధతిలో భాగమే. ముట్టు ఆగి ఎంతోకాలం కానివాళ్ళకు ఇలా ఇస్తారు. ఈ మాట ముందే చెప్పకపోతే ఎవరైనా హడలిపోతారు. రెండు హార్మోన్లూ రోజూ వేసుకునే పద్ధతిలో మొదటి ఆరు నెలల్లో అప్పుడప్పుడు మరకలు కనబడవచ్చు, తర్వాత ఆగిపోతాయి.

ఇంకో కారణం మన ఇళ్ళలోనే ఉంది. కార్తీక సోమవారం ఉపవాసమని మాత్ర మానేస్తారు. మధ్యలో నాలుగు రోజులు అలా పోతాయి. మానిన మాత్రలకు గర్భసంచి మరకతో జవాబు చెబుతుంది. ఉపవాసం ఉండండి, మాత్ర మాత్రం సాయంత్రం ఫలహారం తర్వాత వేసుకోండి. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు.

మరి ఎప్పుడు చూపించుకోవాలి? ఆరు నెలలు దాటినా మరకలు ఆగకపోతే. రక్తం గడ్డలుగా, ధారగా పోతుంటే. పూర్తిగా ఆగి, నెలల తర్వాత మళ్ళీ మొదలైతే. అప్పుడు లోపలినుంచి చేసే స్కానింగ్‌తో గర్భసంచి పొర మందం కొలుస్తారు. అవసరమైతే పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ఫలితం చేతికి రాకముందే "గర్భసంచి తీసేద్దాం, లేకపోతే క్యాన్సర్ అవుతుంది" అంటే తలూపకండి. రిపోర్టు వచ్చాక మాట్లాడదామని చెప్పండి, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అనవసరంగా గర్భసంచులు తీసేయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమల్లోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రశ్న అడగడం మీ హక్కు.

4. మగత, దిగులు, చిరాకు. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ క్యాప్సూల్ నిద్ర తెప్పిస్తుంది. పొద్దున వేసుకుని స్కూటీ ఎక్కితే ప్రమాదం. పడుకునే ముందు వేసుకోండి. నిద్ర పట్టని ఆడవాళ్ళకు అదొక మేలు కూడా. కొన్ని కంపెనీల క్యాప్సూళ్ళలో వేరుశనగ నూనె ఉంటుంది, వేరుశనగ పడనివాళ్ళు ముందే చెప్పాలి.

దిగులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తెనాలిలో ఒక టీచరమ్మ ఉందనుకుందాం. నెలలో క్యాప్సూల్ వేసుకునే ఆ పన్నెండు రోజులూ ఏడుపు వస్తుంది, పిల్లల మీద అరుస్తుంది, మిగతా రోజుల్లో మామూలుగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు "ఈ మధ్య అమ్మకు కోపం ఎక్కువైంది" అంటారు. క్యాలెండర్‌లో "ది" అక్షరాలన్నీ క్యాప్సూల్ రోజుల మీదే పడితే కారణం స్వభావం కాదు, మందు. ప్రొజెస్టరాన్ రకం మార్చవచ్చు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ వాడితే ఆ మందు రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. బతకాలని లేదనే ఆలోచన వస్తే మూడు నెలల గడువు లేదు, ఆరోజే ఇంట్లోవాళ్ళకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఇక్కడే చాలామంది చేసే పెద్ద తప్పు ఒకటి జరుగుతుంది. "పగటి మాత్ర బాగానే ఉంది, రాత్రిది పడటంలేదు" అని ప్రొజెస్టరాన్ ఒక్కటే మానేసి, ఈస్ట్రోజెన్ వేసుకుంటూ పోతారు. ఒంటికి హాయిగానే ఉంటుంది. గర్భసంచి ఉన్నవాళ్ళకు ఇంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. కారణం పైన చెప్పాను. పడకపోతే రకం మార్పించుకోండి, అంతేగాని ఆ ఒక్కటీ వదిలేయకండి.

5. పిక్కలు పట్టేయడం. నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో వంగి నిలబడ్డవాళ్ళకు ఇది కొత్త కాదు, ఈస్ట్రోజెన్ తోడైతే మరికాస్త పెరగవచ్చు. పడుకునే ముందు గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనేలా పిక్కను సాగదీయండి. అలా రెండు కాళ్ళకూ చేయండి. నీళ్ళు బాగా తాగండి. పట్టేసిన పిక్క కాసేపటికి వదులుతుంది. ఒకే కాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నొప్పి వదలకపోతే అది వేరే జబ్బు కావచ్చు. రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఆ కాలిని మర్దన చేయించకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.

6. తలనొప్పి. మాత్రతో రక్తంలో హార్మోన్ ఒకసారి ఎక్కువై మరోసారి తగ్గుతుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకు ఆ ఎగుడుదిగుడు పడదు. జెల్‌తో అది నిలకడగా ఉంటుంది. అంతకంటే ముందు బీపీ చూపించుకోండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూస్తారు, దానికి గుంటూరు వెళ్ళక్కర్లేదు.

7. లావైపోతున్నామనే బాధ. హార్మోన్ మాత్రల వల్ల ఒంట్లో కాస్త నీరు చేరినట్లు అనిపించవచ్చు. కానీ ఈ వయసులో నడుం చుట్టూ పేరుకునే కొవ్వుకు కారణం మాత్రలని పరిశోధనల్లో తేలలేదు. ముట్టు ఆగే వయసులో, మాత్రలు వాడినా వాడకపోయినా, ఒళ్ళు ఆ తీరున మారుతుంది. అందుకని మానేస్తే సన్నబడతామనే ఆశతో మానకండి.

8. జెల్ రాసుకునేవాళ్ళకు. మన దగ్గర ప్యాచ్‌లు దొరకడం కష్టం, జెల్ దొరుకుతుంది. స్నానం చేసి ఒళ్ళు బాగా తుడుచుకున్నాక భుజం బయటివైపో, తొడ మీదో పల్చగా రాయండి. రొమ్ముల మీద రాయకూడదు. కొబ్బరినూనె, పసుపు రాసుకున్న చోట రాస్తే సరిగ్గా ఇంకదు. బాపట్ల, నిజాంపట్నం వైపు సముద్రపు ఉక్కలో చెమట ఆగదు కాబట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఇందులో ఆల్కహాలు ఉంటుంది, ఆరకముందు పొయ్యి దగ్గరకు వెళ్ళవద్దు. చేతులు కడుక్కోండి. రాసిన చోటు బట్టతో కప్పేదాకా మనవళ్ళను ఎత్తుకోవద్దు, ఆ మందు పిల్లల ఒంటికి అంటుతుంది.

వీటికి మాత్రం ఆగొద్దు

ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి, దగ్గితే రక్తం. ఒకే కాలు వాపు. ఎన్నడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, మూతి వంకర, చెయ్యో కాలో చచ్చుబడటం, చూపు మసకబారడం. కళ్ళు పచ్చబడటం. డొక్కలో కుడివైపు తీవ్రమైన నొప్పి. ఇవి వస్తే ఆరోజు మాత్ర వేసుకోకండి, 108కి ఫోన్ చేయండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ సూది వేయించుకుని పడుకోవద్దు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మొదట చెప్పాల్సిన మాట: "నేను హార్మోన్ మాత్రలు వాడుతున్నానండీ."

ఈ ప్రమాదాలు అరుదైనవే. రక్తం గడ్డకట్టే ముప్పు నోటితో వేసుకునే మాత్రలతో కాస్త పెరుగుతుంది, మామూలు మోతాదు జెల్‌తో పెరిగినట్లు కనబడలేదు. బరువు ఎక్కువున్నవాళ్ళు, రక్తసంబంధీకుల్లో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళు మొదటినుంచే జెల్ గురించి అడగడం మంచిది.

మన ఇళ్ళలో జరిగే పొరపాట్లు

పూజ కోసం, పెళ్ళి కోసం డేటు వాయిదా వేసుకునే మాత్ర ఉంటుంది కదా, మందుల షాపులో అడిగి తెచ్చుకునేది. అది కూడా హార్మోనే, ఎక్కువ మోతాదులో ఉన్న నార్ఎథిస్టరాన్. హార్మోన్ చికిత్సలో ఉన్నవాళ్ళు మరక కనబడిందని దాన్ని కూడా కలిపి మింగకండి. అసలు కారణం మరుగున పడిపోతుంది, రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది.

షాపులో స్ట్రిప్‌ను సగం కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క ఎక్కడో, తేదీ ఉన్న ముక్క ఎక్కడో పోతుంది. పూర్తి స్ట్రిప్ అడగండి. రోజువారీ వరసలో రంగులు మారే ప్యాకెట్ అయితే కత్తిరించనివ్వనే వద్దు.

థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా? ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెట్టాక థైరాయిడ్ మందు మోతాదు చాలకపోవచ్చు. అలసట, మలబద్ధకం, ఒళ్ళు బరువు వస్తే హార్మోన్ మాత్రను తిట్టుకుంటాం, తీరా చూస్తే థైరాయిడ్. మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. క్షయకు, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈస్ట్రోజెన్ పనిని తగ్గిస్తాయి, అవి వాడుతుంటే దాచకండి.

కూతురి పురిటికి అమెరికా వెళుతున్నారా? మన తెనాలి ప్రాంతంలో ఇది ఇంటింటి సంగతి. మందులు, అసలు స్ట్రిప్‌లతో, చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. ఇరవై గంటలపైన పట్టే ప్రయాణంలో కాళ్ళు కదలకుండా కూర్చోవద్దు, గంటకోసారి లేచి నడవండి, నీళ్ళు తాగండి. టికెట్ కొన్నప్పుడే డాక్టరుకు చెబితే, మాత్ర బదులు జెల్‌కు మార్చాలేమో ఆలోచిస్తారు.

చెల్లెలి మాత్ర బాగా పనిచేసిందని మీరు వేసుకోవద్దు. ఆవిడకు గర్భసంచి లేకపోవచ్చు, మీకు ఉండవచ్చు.

క్యాన్సర్ మాట

తోటికోడలి మాటలో భయం ఊరికే పుట్టలేదు. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లూ కలిపి ఐదేళ్ళకు పైగా వాడినవాళ్ళలో, ఏటా పదివేల మందికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనబడ్డాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63 అన్న సంగతి మాత్రం పాకలేదు. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదన్న సంగతి కూడా అంతే. ఆరోగ్యంగా ఉండి, అరవై లోపు వయసులో, లేదా ముట్టు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళకు నష్టంకన్నా మేలే ఎక్కువని నేటి వైద్యుల మాట.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు వాడకూడదు. వాళ్ళకు ఆవిర్లు తగ్గించే, హార్మోన్ లేని మందులు వేరే ఉన్నాయి. కింద పొడిబారడం, మూత్రంలో మంట మాత్రమే బాధయితే మాత్రలు మింగాల్సిన పనిలేదు, లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. అది రక్తంలోకి వెళ్ళేది చాలా స్వల్పం.

ఆపాలనుకుంటే

ఆపడం మీ ఇష్టం, ఎవరూ బలవంతపెట్టలేరు. చెప్పి ఆపండి. ఒక్కసారిగా మానితే ఆవిర్లు మళ్ళీ ఒక్కసారిగా వచ్చి పడవచ్చు, అందుకే కొన్ని నెలలపాటు మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. రోహిణీ కార్తె ఎండల్లో ఈ ప్రయత్నం పెట్టుకోకండి. ఏది ఆవిరో, ఏది ఉక్కో మీకే తెలియదు. చలికాలం మొదట్లో పెట్టుకోండి. ఆపినా ఆపకపోయినా ఏడాదికోసారి బీపీ చూపించుకుని, రొమ్ముల పరీక్ష చేయించుకుని, ఇంకా మందు అవసరముందా అని డాక్టరుతో మాట్లాడండి.

ఈ పేజీలు మీ ఇంట్లో మగవాళ్ళకు కూడా చూపించండి. ఆస్పత్రికి తోడు వెళ్ళమనండి. మీరు చెప్పడానికి సిగ్గుపడి ఆగిపోయిన చోట, క్యాలెండర్ కాగితం డాక్టరు చేతికిచ్చి "ఈ రోజుల్లో ఈవిడకు ఇలా ఉందండీ" అని ఆయన చెప్పవచ్చు. ఇవాళ సాయంత్రమే మొదటి అక్షరం రాయండి.